తేనె తాడు

పెంచలప్రసాద్ ఉదయగిరి కొండ అంచున కూర్చొని తాడును మూరమూరకూ వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. తేనెపట్టు కోసం కొండచరియలోకి దిగేవాడి తాడు పైన బావమరిదే పట్టాలి. అక్క ఐదోతనం కోసమైనా వాడు వదలడని తేనె తీసేవాళ్ల నమ్మకం. అక్క పోయి ఏడాదైంది. అయినా బావ ఈసారీ అతన్నే పిలిచాడు.

నడుమ ఒకచోట తాడు మెత్తగా తగిలింది. పైకి బాగానే ఉన్నా లోపలి పోగులు చివికిపోయాయి.

“ఏంది బావా, దీన్ని చూసుకోలేదా?”

“చూసినానురా,” అన్నాడు బావ నీరసంగా.

ప్రసాద్ కొడవలి తీసి తాడును అక్కడికక్కడే రెండు ముక్కలు చేశాడు.

“చూసి కూడా దిగుదామనుకున్నావా? మరి నన్నెందుకు పిలిచినావు?”

బావ తేనె బిందెను పక్కన పెట్టి కూలబడ్డాడు.

“నువ్వు తడిమి చూడకుండా తాడు పట్టవు గదరా.”