పీపాల రేవు

"ఆ చెక్క లాగేయండి!" ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి ఒడ్డు మీది కూలీలకు కేకేశాడు. "ఈవిడకి వత్తాసు పలకడానికి ఇంకెవరూ లోపలికి రాకూడదు."

ఒడ్డుకీ రేవుకీ మధ్య వేసిన చెక్కను బరబరా లాగేసి, కూలీలు వానకు జడిసి లారీలో దూరారు. ఇంజనీరు తలుపు మూసి తల తుడుచుకున్నాడు. ప్రయాణికుల హాల్లో మిగిలింది ఇద్దరే. ఆయనా, బెంచీ మీద మఠం వేసుక్కూర్చున్న రేవు యజమానురాలూ. ఊరంతా ఆవిడని రేవత్త అంటుంది.

"మనిషి లోపల ఉండగా గునపం వెయ్యకూడదమ్మా. మీరు లేస్తే చెక్క మళ్ళీ వేయిస్తాను."

"గునపం పడకూడదనేగా కూర్చున్నాను."

"వంతెన వచ్చేసింది. ఇంకా లాంచీ ఎవరెక్కుతారు?"

"వంతెన మీ కార్లకి బాబూ. అవతలి మిల్లులో పనిచేసే ఆడాళ్ళు ఆ చుట్టు తిరిగి నడిచిపోవాలంటే చీకటితోనే లేవాలి. వాళ్ళ పిల్లలకి మీ వంతెన జడలేస్తుందా?"

రేకుల కప్పు మీద వాన దరువేస్తోంది. రేవత్త నది వైపు కిటికీ కాస్త తెరిచి, పక్కనే ఆనుకుని ఉన్న లాంచీకేసి అరిచింది.

"మరిదీ! నీళ్ళు పెరుగుతున్నాయి. ఒడ్డు తాళ్ళు వదులు చెయ్యి!"

"అలాగే వదినా!" లాంచీ నడిపే సరంగు గొంతు వినిపించింది.

"తాళ్ళెందుకు?" ఇంజనీరు అనుమానంగా అడిగాడు.

"వరదలో తాళ్ళు బిగిసి ఉంటే రేవు ఒరిగిపోతుంది. ఇద్దరం కలిసి మునగాలి. కలిసి మునిగేంత చుట్టరికం మనకి లేదుగా!"

ఆయన గబుక్కున కిటికీ మూశాడు. "ముందు ఆ లాంచీ ఇంజను మోత ఆపమనండి."

"ఆపితే మళ్ళీ అందుకోదు. దానిదీ నా వయసే."

ఇంజనీరు ఎదురు బెంచీ మీద కూలబడ్డాడు. రేవత్త తీరిగ్గా చెప్పుకొచ్చింది.

"మొట్టమొదటి రేవు కర్రలది. వరద ఎత్తుకుపోయింది. రెండోది రాతిది. నదే దూరం జరిగిపోయింది, అది ఇసకలో నిలబడి బిక్కమొహం వేసింది. అప్పుడు మా మామగారు ఇనప పీపాల మీద ఈ హాలు కట్టించారు. నీళ్ళు లేస్తే లేస్తుంది, దిగితే దిగుతుంది. నది పీకలేకపోయిన దాన్ని మీరు పీకుతారా?"

"ఆర్డరు ఉందమ్మా."

"అవతలి మునిసిపాలిటీ వాళ్ళు మాకు రేవు కావాలి మొర్రో అంటున్నారు."

"అయితే అక్కడే కట్టుకోమనండి. నా ఆర్డరు ఈ ఒడ్డుదాకానే. అవతల మీరు కోట కట్టుకున్నా నాకనవసరం."

"ఆ మాట మీద ఉంటారా?"

"ఉంటాను. ముందు లేవండి."

"లేవను."

నేల ఒక్కసారి తూలింది. ఆయన బెంచీ చెయ్యి పట్టుకున్నాడు. "ఏమిటిది, ఇంతలా ఊగుతోంది?"

"ఏటి మీద కూర్చుని ఊగొద్దంటే ఎలా? కడుపులో తిప్పితే కిటికీ అటుంది."

బెదిరించాడు. బతిమాలాడు. పార్కు కట్టి ఆవిడ మామగారి పేరు పెట్టిస్తానన్నాడు. "చచ్చిన మనిషికి పార్కెందుకు, బతికున్న లాంచీకి రేవు కావాలి గానీ" అంది. చివరికి ఆయన తల పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

వాన నెమ్మదించింది. దేనికో తగిలినట్టు హాలు చిన్న కుదుపుతో నిలబడింది. రేవత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది.

"లేచాను. పడగొట్టండి, చూద్దాం."

"ఆ పని ఇందాకే చేసుంటే ఇంత రభస ఉండేదా?" అంటూ ఇంజనీరు హుషారుగా తలుపు బార్లా తెరిచాడు.

"గునపాలు తీసుకురండ్రా!"

లారీ నదికి అవతలి ఒడ్డునే ఉండిపోయింది.