కారు కావాలన్నాను

“విడిపోయే ముందు చెప్పు తల్లీ, నీకేం కావాల?” అని అడిగారు పాస్టరుగారు.

“కారు కావాలయ్యగారూ,” అన్నాను.

నా భర్త సుశీల్ కుమార్ కుర్చీలోంచి లేచాడు. సెకండ్ హ్యాండులో కొన్న ఆ ఎర్ర స్పోర్ట్స్ కారంటే అతనికి ప్రాణం. దాని మోత వింటే కృష్ణపట్నం రోడ్డులో బొగ్గు లారీలు కూడా పక్కకు తప్పుకుంటాయని చెప్పుకుంటాడు.

“దీనికి సైకిలు తొక్కడం రాదు, కారు కావాలంట. అది తప్ప ఏమన్నా అడగమనండయ్యా.”

“అయితే మా అమ్మ నాకిచ్చిన రొయ్యల గుంట? పెళ్లయినాక నీ పేరుకు మార్చుకున్నావు కదా.”

“తీసుకో పో. ఉప్పునీళ్లు తాగి బతుకు.”

నేను చున్నీతో కళ్లు తుడుచుకున్నాను. మధ్యాహ్నానికల్లా రిజిస్ట్రారాఫీసులో గుంట నా పేరు మీదికి వచ్చింది. అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, నన్ను చూసి నవ్వి, మోత పెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లూ కారు నడిపింది అతను. మెకానిక్ ఫోనొస్తే మాత్రం “నువ్వు మాట్లాడు” అని సెల్లు నా ఒళ్లో పడేసేవాడు. టైర్లకు నా గాజులు పోయాయి, టర్బోకు గొలుసు, సముద్రపు గాలికి తుప్పు పట్టిన అడుగుభాగానికి కమ్మలు. ఎంతయిందని ఒక్కసారీ అడగలేదు.

మొన్న కూడా చెన్నై మెకానిక్ నాకే ఫోన్ చేశాడు.

“గేర్‌బాక్స్ పోతా ఉందక్కా. పార్టు బయటిదేశం నుంచి రావాల. కారు అమ్మినా ఆ పార్టుకయ్యే డబ్బు రాదు. సార్‌కు కొంచెం చెప్పండి.”

“నువ్వే చెప్పన్నా, ఎల్లుండి సాయంత్రం,” అని సుశీల్ నెంబరు ఇచ్చాను.