జామాయిల్ తోటకి వచ్చిన పెళ్ళివారు

ఎలుగుబంటి భల్లయ్య తన కొండ మీద అడ్డదిడ్డంగా పెరిగిన ఇప్పచెట్లూ, నేరేడుచెట్లూ అన్నీ పీకించేసి, కొండంతా జామాయిల్ మొక్కలు నాటించాడు. అవి ఏపుగా లేచిన ఏడాది కొడుక్కి సంబంధం వచ్చింది. ఇల్లూ వాకిలీ చూసుకుందామని ఆడపెళ్ళివారు బయల్దేరి వచ్చారు.

“ఆ వరసలు చూశారా! దారం పట్టి నాటించాను,” అన్నాడు భల్లయ్య.

“ఎండన పడి వచ్చాం బాబూ, కాసిని మంచినీళ్ళు ఇప్పించు,” అంది పెళ్ళికూతురి నాయనమ్మ.

“వాగు ఎండిపోయిందమ్మా. ఈ చెట్లకి దాహం కాస్త ఎక్కువ.”

“పోనీ, నాలుగు పళ్ళు?”

“తినే కాయలు కాయవు. ఆకు నలిపి వాసన చూడండి, జలుబు ఇట్టే పోతుంది.”

ముసలావిడ వాసన చూసి గట్టిగా తుమ్మింది. “మాకు జలుబు లేదు నాయనా, ఆకలిగా ఉంది. ఇంతకీ మీరేం తింటున్నారు?”

“చెట్లు ఎదిగాక కాగితం మిల్లువాళ్ళు నరికి పట్టుకెళ్ళి, లారీడు తేనె ఇస్తామన్నారు.”

“అందాకా?”

భల్లయ్య నోరు విప్పేలోపే పెళ్ళికొడుకు కడుపు గుర్రుమంది.

“కుర్రాడు నచ్చాడు. పిల్లని మాత్రం ఇక్కడికి పంపం. మా అడవి వంకరటింకరదే గానీ, ఏడాది పొడుగునా ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. అబ్బాయిని ఇల్లరికం పంపండి,” అంది నాయనమ్మ.

“ఇల్లరికమా! మా వంశంలోనా!” భల్లయ్య ఒంటి మీది బొచ్చంతా నిక్కబొడుచుకుంది. విసురుగా తోట వైపు తిరిగి, ఆ వరసల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత ముసలావిడ పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

“అల్లుడితోపాటు వియ్యంకుణ్ణి కూడా ఇల్లరికం తీసుకెళ్ళే ఆనవాయితీ మీలో ఉందాండీ?”