తాళంలో ఉన్న రాణి

"వీడియో గేమ్ డిస్కు కొన్నది నేను. ఆటలో అందర్నీ చితక్కొట్టే కొరడా రాణి ఆ డిస్కులోనే ఉంది. ఆమెకి తాళం వేసి, తీయాలంటే మళ్ళీ డబ్బు కట్టమంటే దాన్నేమనాలి?"

లాయరు సోఫాలో కూర్చుని వాదిస్తున్నాడు. ఎదురుగా జడ్జి లేడు, ఉతికిన బట్టలు మడతపెడుతున్న భార్య ఉంది.

"మోసం అనాలి," అందామె. వినీ వినీ ఆ కేసు ఆమెకి నోటికొచ్చేసింది.

"అదీ! ఇల్లు అమ్మేసి వంటగదికి తాళం వేసుకున్నట్టు. నా డబ్బుతో మాత్రం ఆ తాళం తెరుచుకోదు."

ఊరుకోలేక ఆ మాటే ఆటగాళ్ళ గ్రూపులోనూ రాసేశాడు. రాణి లేకుండానే ఈ ఆన్‌లైన్ పోటీ గెలుస్తానని, ఓడితే ఇక ఈ ఆట ముట్టనని శపథం కూడా చేశాడు. ఫైనల్ ఇంకాసేపట్లో. ఎదుటి మనిషి ఆటలో పెట్టుకున్న పేరు సోడాబుడ్డి. తాళం తీయించుకుని రాణితోనే అందర్నీ ఓడిస్తూ వచ్చిన ఆ శాల్తీ ఎవరో గ్రూపులో ఎవరికీ తెలియదు.

"పనీపాటా లేని కాలేజీ కుర్రాడెవడో అయ్యుంటాడు," అన్నాడు లాయరు.

"అది సరేగానీ, మా అమ్మకి కళ్ళు లాగుతున్నాయట. మీరిచ్చిన పాత గేమ్ మిషన్ పెట్టుకుని టీవీ ముందు నుంచి లేవడం లేదని నాన్న గోల."

"పాత సినిమాలు చూసుకోమనే కదా ఇచ్చింది! కొనుక్కోడానికి పుట్టినరోజుకి గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చాను. పాపం, రిమోట్‌లో ఏ మీట ఎందుకో ఇప్పటికీ తెలియదావిడకి. అన్నట్టు, ఈ ఆటదే నా పాత డిస్కు ఒకటి ఆ మిషన్లోనే ఉండిపోయింది."

ఆట మొదలైంది. కొరడా రాణి గాల్లోకి లేచింది. లాయరుగారి వీరుడు దిగాడు, తన్నులు తిన్నాడు, పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. అంతే, అయిపోయింది. భార్య దుప్పటి మడతలో మొహం దాచుకుని నవ్వుకుంది. అతనికి మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. అత్తగారు.

"భోంచేశారా బాబూ?"

"ముద్ద దిగేలా లేదు అత్తయ్యా! పరువు పోయింది, ఆటా పోయింది. ఆ తాళానికి డబ్బు తగలేసిన బుద్ధిలేని మనిషెవరో దొరికితే కోర్టుకీడుస్తాను!"

అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"ఆ తాళం మీరిచ్చిన కార్డుతోనే తీశాను బాబూ."