రేపు వచ్చే సాహెబు

"జర ఆగు తాతా!"

వెనుక నుంచి పిలుపు వినగానే బాలప్ప తల మీది గంపను గట్టిగా పట్టుకున్నాడు.

గంపలో కోళ్లున్నాయి. సురంగల్ నుంచి మొయినాబాదులో జాగీరు నాయబు వేయించిన డేరా దాకా ఆ కోళ్లను మోయడం ఈరోజు అతని వంతు వెట్టి. ఒక్క కోడి జారిపోయినా వీపు చిట్లుతుంది.

భయంగానే ఆగాడు.

పిలిచినతనికి నలభై ఏళ్లు ఉండవచ్చు. ఒంటి మీద పట్నం బట్టలు, కాళ్లకు దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు. తన మూట తనే భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు.

అలవాటు కొద్దీ బాలప్ప చెయ్యి చాపాడు. "ఇటియ్యండయ్యా, అది గూడ నేనే మోస్త."

"వద్దు. నా మూట నాకు బరువా?"

బాలప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పటేలు వస్తే ఒక మోతగాడు, పోలీసు అమీను వస్తే నలుగురు. ఆ లెక్క అతనికి కంఠతా వచ్చు. పట్నం బట్టలు కట్టి మూట తనే మోసుకునేవాడు ఏ లెక్కలోకీ రాడు. పోయిన నెల నాయబు మనిషి ఒకడు గాజులమ్మేవాడిలా ఊళ్లో తిరిగి, ఎవరు ఏమంటున్నారో విని పోయాడు. మర్నాడే, అతని ముందు నోరు జారిన కుర్మయ్యను చింతబరికెలతో కొట్టారు. అప్పటి నుంచి ఊరంతా నోటికి తాళం వేసుకుంది.

"కోళ్లెవరికి?" అడిగాడు కొత్తమనిషి.

"రేపు మోటారుల పట్నం నుంచి సర్కారు పెద్ద సాహెబు వస్తున్నడయ్యా. ఆయనకు."

"ఆయన అడిగిండా?"

"అడుగుడేందయ్యా? రివాజు."

 బాలప్ప అడుగు పెంచితే అతనూ పెంచాడు.

"మీ ఊర్ల శిస్తు వసూలు చేసేదెవరు?"

"నాయబు దొర."

"తప్పు చేస్తే పట్టుకునేది?"

"నాయబు దొరనే."

"మరి తీర్పు చెప్పేది?"

బాలప్ప గంప సర్దుకున్నాడు. "ఆయననే. మస్తు మంచిగ చెప్తడయ్యా."

అది 1943. పైన నిజాం ఉన్నాడు, ఆయన కింద జాగీర్దారు ఉన్నాడు. జాగీర్దారు పట్నం దాటి రాడు కనుక ఊళ్ల మీద పెత్తనమంతా నాయబుదే. ఆయన ఒప్పుకోనిదే వాన కూడా పడదని జనం చాటుగా అనుకునేవారు.

"ఆ నాయబే తప్పు చేస్తే ఎవరికి చెప్పుకుంటరు?"

ఇది ఉచ్చే, సందేహం లేదు.

"దొర తప్పు జెయ్యడయ్యా."

చెప్పుకోవాల్సింది బాలప్పకు లేక కాదు. ఒక్కగానొక్క కొడుకు స్వామిదాసు. విత్తనాలు వేసే పూట నాయబు మంచం మోయనన్నాడని, కచేరీ వెనుక కొట్టంలో పడేసి పన్నెండు రోజులైంది. సాక్షీ లేదు, తీర్పూ లేదు. నోరు విప్పితే పిల్లవాడు పీనుగై వస్తాడని నాయబు కబురు పంపాడు.

ఇంటిది ప్రేమమ్మ ఒక్కటే మాట పట్టుకుంది. "రేపొచ్చే సాహెబు కాళ్ల మీద పడు. నాయబుకు తీర్పు చెప్పే కచేరీ ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని చూడనీకే వస్తున్నడట. చర్చిల ప్రార్థన కాడ అయ్యగారు చెప్పిండు."

నాలుగు రోజులుగా బాలప్ప ఆ మొర వల్లె వేసుకుంటున్నాడు. దాన్ని దారిన పోయేవాడికి చెప్పి పాడు చేసుకుంటాడా?

ఎండ ముదిరాక గంప దించి, వేపచెట్టు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. బాలప్ప తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. కొత్తమనిషి అందుకుని తిన్నాడు.

"స్వామిదాసు అని మీ ఊరి పిలగాడు కొట్టంల ఉన్నడట?"

బాలప్ప చేతిలోని రొట్టె మూటలో పెట్టేశాడు. వీడికి పేరు కూడా తెలుసు!

"నేనెరగనయ్యా."

"సురంగలోడేనట."

"మా ఊర్ల ఆ పేరోళ్లే లేరు."

"నీకు కొడుకులున్నరా తాతా?"

బాలప్ప కళ్ల ముందు కొట్టం తలుపు కదిలింది.

"లేరయ్యా," అన్నాడు.

అతను బాలప్ప వైపు జరిగాడు. "భయపడకు. చెప్తేనే గద తెలిసేది," అన్నాడు మెల్లగా.

బాలప్ప గంప ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకున్నాడు. కొడుకును లేడన్నందుకు దారి పొడుగునా ప్రభువును క్షమించమని వేడుకున్నాడు.

మర్నాడు మొయినాబాదుకు మోటారు వచ్చింది. నాయబు చేతులు కట్టుకుని ఎదురెళ్లాడు. షేర్వానీ తొడుక్కుని, రూమీ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన దిగాడు.

బాలప్ప ముందుకు దూకాడు. జవాన్లను తోసుకుపోయి ఆయన కాళ్ల మీద పడ్డాడు. బతుకులో అంత తెగువ ఎన్నడూ చూపలేదు.

"బాంచెన్ సాహెబ్! నా కొడుకు స్వామిదాసును కొట్టంల ఏసిండ్రు. పదమూడు దినాలాయె. నాయబు దొరకు కచేరీ ఉంచొద్దు!"

నాయబు ముఖం మాడిపోయింది.

దిగినాయన కంగారుగా వెనక్కి జరిగాడు. "లే, లే. నేను సాహెబును కాదు, ఆయన కాగితాలు చూసే పేష్కారును. డేరా పీకేయమని చెప్పనీకొచ్చిన."

"సాహెబు ఎప్పుడొస్తడయ్యా?"

"వచ్చి పోయిండు. కాగితం పైకి పంపిండు. నాలుగూళ్లల్ల అడిగితే ఒక్క ఫిర్యాదు లేదట. చెప్పనిది నేనెట్ల రాస్త అని బాధపడిండు. కచేరీ నాయబుకే ఉంటది."

నాయబు ముఖం తేటపడింది. ఒక జవాను బాలప్ప మెడ మీద చెయ్యి వేశాడు.

"మా ఊర్ల ఎవర్ని అడిగిండయ్యా?" అడిగాడు బాలప్ప.

"డేరాల కూసుంటే నిజం చెప్పరని ఆయన ఒక్కడే నడిచి తిరుగుతడు. నిన్న సురంగల్ బాట మీద ఎవరో ముసలాయన్ను అడిగిండట."

నాకు కొడుకు లేడని బాలప్ప చెప్పింది ఆ పెద్ద సాహెబుకే.