రెండు మూతల మందు

ఏడాది పాప పొద్దున్నుంచి కళ్లు తెరవలేదు. పాలసీసా నోట్లో పెట్టినా చప్పరించలేదు. చొక్కా మీద దగ్గుమందు వాసన కొట్టేసరికి క్రెష్ ఆయాకి ఒళ్లు మండింది. "ఉన్నపళంగా రా" అని తల్లికి ఫోన్ చేసింది.

తల్లి పరుగున వచ్చేసరికి పాప మూలుగుతూ కళ్లు విప్పింది. ఆయా బిడ్డను చేతికివ్వలేదు.

"ఎంత పోశావు?"

"రెండు మూతలు."

"చంపేద్దామనుకున్నావా? నువ్వసలు తల్లివేనా?"

తల్లి తల దించలేదు. అంతకంటే కోపంగా చూసింది.

"దగ్గే పిల్లను మీరు లోపలికి రానివ్వరుగా. ఈరోజు కూడా మానేస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. నిన్న మీ కాళ్లావేళ్లా పడ్డాను. గుర్తుందా అక్కా?"

ఆయాకి గుర్తుంది. "జబ్బు పిల్లల్ని తీసుకోం, వెళ్లమ్మా" అంటూ నిన్న ఆ పాప ముఖం మీదే తలుపు వేసింది తనే.