శబ్దం కొలిచే ఆయన

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

పిచ్చుక గబుక్కున స్పీకర్ల గొంతు నొక్కేసింది.

పిచ్చుక అన్నది ఆమె పాటల మీద వేసుకునే పేరు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు గనక, అదే పేరైపోయింది.

తలుపు తీస్తే నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో కొసన స్పాంజి బంతి ఉన్న మీటరు.

"మున్సిపల్ ఆఫీసు. శబ్దాల విభాగం," అన్నాడాయన. "కొలవాలి."

ఆమె తలుపు రెక్క పట్టుకునే పక్కకి జరిగింది.

ఈ నేలమాళిగ గది అద్దెకిచ్చేటప్పుడే ఇంటాయన తెగేసి చెప్పాడు. "పై వాటాల వాళ్లలో ఒక్కరు ఫిర్యాదు చేసినా, ఆ పూటే పెట్టే బేడా సర్దుకోవాలి."

పైవాళ్ల మెట్లు ముందు వీధిలో ఉన్నాయి. ఆమె తలుపు వెనక సందులో. వాళ్ల ముఖాలు కూడా ఆమె ఎరగదు.

నెలాఖరుకి ఆమె కొత్త పాట, జనం ముందు మోగిస్తానన్న డీజేకి అందాలి. గది పోతే పాటా పోయినట్టే.

"ఎవరు సార్ ఫిర్యాదు చేసింది?"

"అవి చెప్పం. వాయించు."

"కాస్త తగ్గించి పెట్టనా?"

"రోజూ ఎంత పెడతావో అంతే."

పెట్టింది. గోడలు అదిరాయి. నీళ్ల గ్లాసులో వలయాలు పుట్టాయి. ఆయన స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు గానీ, కలం కదల్లేదు.

"ఏమిటమ్మాయ్ ఇది?"

"డబ్‌స్టెప్‌నీ టెక్నోనీ కలిపా సార్. టెక్నో గడియారంలా ఆగకుండా కొడుతుంది. డబ్‌స్టెప్ నేల కుంగినట్టు ఊగుతుంది. ఒకళ్లంటే ఒకళ్లకి పడదు. కాపురం పెట్టిస్తున్నా."

"కుదిరిందా?"

"రోజూ గొడవే."

"గొడవ వాళ్లది కాదు. స్పీకర్లు మూలన పెట్టావు. అడుగు శబ్దం గోడకి కొట్టుకుని రెండింతలై వస్తోంది. ముందుకి జరుపు."

జరిపింది.

మూడు నెలలుగా బురదలో దిగబడ్డ బేస్ ఒక్కసారిగా తేటపడింది. ఎగిరి గంతేయాల్సిన మాటే. కానీ ఎదురుగా ఉన్నది గది ఊడగొట్టే మనిషాయె.

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తా," అన్నాడాయన.

ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసింది.

"విన్నావా అక్కా?"

"పది సెకన్లు విన్నానే. మిక్సీ ఆపడం మర్చిపోయానేమోనని వంటింట్లోకి పరిగెత్తా. ఇందులో మాటలెప్పుడొస్తాయి?"

"మాటలుండవు."

"పాటలో మాటలుండవు. ఆ ఊళ్లో నీతో మాట్లాడే మనిషుండడు. బాగుంది నీ సంబడం!"

అక్క నవ్వింది. పిచ్చుకకి నవ్వు రాలేదు.

ఆదివారం నాలుగయ్యేసరికి మళ్లీ మూడు దెబ్బలు. ఆ పై ఆదివారమూ అంతే.

"ఇక్కడెందుకు ఆపావు?" అన్నాడాయన మూడోసారి.

"డ్రాప్ సార్. అంతా ఆగిపోయి, ఢామ్మని పడాలి."

"తొందరపడ్డావు. ఇక రాదేమోనని భయం వెయ్యాలిగా. ఇంకొంచెం ఆగు."

"ఎంత?"

ఆయన వేలెత్తి పట్టుకున్నాడు. చాలాసేపటికి గానీ దించలేదు.

"మీరు కొలవడానికొచ్చారా, పాఠం చెప్పడానికొచ్చారా?" అంది ఒళ్లు మండి.

ఆయన వెళ్లాక ఊరికే అంతసేపు ఆపి చూసింది. ఒళ్లు జలదరించింది.

ఐదో ఆదివారం ఆయన స్టూలు మీద కూర్చోబోతుంటే ఆపేసింది.

"పాట పంపేశాను సార్. మీకిక శ్రమ లేదు."

"అయిపోయిందా?" ఆయన నిలబడిపోయాడు. "మరి తర్వాతది?"

"హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నా. చీమక్కూడా వినపడదు. ఇంక మీరు కొలవడానికేం మిగల్లేదు."

"మంచిది," అన్నాడాయన. మీటరు సంచిలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. "మంచిదమ్మా."

గెలిచినట్టు తలుపేసుకుంది.

నెల తిరిగేసరికి ఒక పాత గోదాములో ఆ పాట తొలిసారి మోగింది. పాట ఆగిన చోట మూడొందల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. బేస్ పడేసరికి పైకప్పు లేచిపోయినంత కేక!

గోడకి ఆనుకుని ఒక్కతే నిలబడిన పిచ్చుక దగ్గరికి డీజే పరిగెత్తుకొచ్చాడు.

"ఆ నిశ్శబ్దం ఎక్కడ దొరికింది నీకు?"

చెబుదామని నోరు తెరిచింది. ఆయన పేరేమిటో తెలియదు.

సోమవారం పొద్దున్నే మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. శబ్దాల విభాగంలో ఉన్నది ఒక్క గుమస్తా ఆవిడే.

"మా వీధి ఫిర్యాదు మీద ఒక సార్ వచ్చేవారండీ. థాంక్స్ చెప్పాలి."

ఆవిడ కంప్యూటర్లో వెతికింది. "మీ వీధి నుంచి ఫిర్యాదేమీ రాలేదే!"

"ఐదు ఆదివారాలు వచ్చారండీ."

"ఆదివారం మాకు సెలవమ్మా."

పిచ్చుక బల్ల మీదికి వంగింది. మెల్లగా ఆయన పోలికలు చెప్పింది.

"ఇస్త్రీ చొక్కానా? అయ్యో, ఆయన రిటైరై ఆరేళ్లయింది. మొన్న శుక్రవారమే వచ్చాడు, పెన్షన్ కాగితాల్లో పాత అడ్రసు కొట్టేయమని."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఊరొదిలి వెళ్తున్నానన్నాడు. కొత్త అడ్రసు తర్వాత రాస్తాట్ట."

"పాతదెక్కడ?"

ఆవిడ చదివింది.

అది పిచ్చుక ఉంటున్న ఇంటి నంబరే. సరిగ్గా ఆమె గదికి పైనున్న వాటా.

"ఒంటరి మనిషి, ఉన్నచోటే ఉండకూడదా అని నేనే మందలించానమ్మా," అంది ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కింద చప్పుడు ఆగిపోయింది, ఇక ఆ ఇంట్లో ఉండలేకపోతున్నా అన్నాడు."